పటాలంలో పోయిన తాత పేరు ఎక్కడ ఉందో కనుక్కోవడం, నివాళి అర్పించడం

తాతగారి అన్న పటాలంలో చేరాడట, బస్రాలోనో బర్మాలోనో పోయాడట, ఇంటికి తంతి వచ్చిందట. తెలుగు జిల్లాల్లో చాలా కుటుంబాలకు మిగిలిన సమాచారం ఇంతే. అయినా ఆ మనిషి ఆచూకీ దొరికే అవకాశం మీరు అనుకునేదానికన్నా ఎక్కువ. బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉండి చనిపోయినవారు మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 74 వేలు, రెండో దాంట్లో సుమారు 87 వేలు. వీళ్లలో చాలామంది వివరాలు 1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర నమోదై ఉన్నాయి. కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఎవరైనా డబ్బు అడిగి "రికార్డు తెప్పిస్తాం" అంటే ఇవ్వకండి.

పేరు అక్కడే ఉన్నా కుటుంబాలకు దొరకడం లేదు. మనం ఇంట్లో పిలిచిన పేరు వేరు, రంగరూటుగా సైన్యంలో చేరిన రోజున గుమాస్తా రాసుకున్న పేరు వేరు. మనం సమాధి కోసం వెతుకుతాం, అక్కడ ఉన్నది గోడ మీద ఒక వరుస. ఈ రెండు చిక్కులూ దాటితే పని సగం అయినట్టే.

సమాధి కన్నా ముందు పేరు

హిందువులను, సిక్కులను వీలైనంతవరకు దహనం చేశారు. కాబట్టి విడిగా సమాధి ఉండదు. పేరు ఒక స్మారకం మీద రాతిలోనో కంచు పలకలోనో, లేదా స్మారకం దగ్గరి పేర్ల పుస్తకంలోనో ఉంటుంది. ముస్లింలను, క్రైస్తవులను ఖననం చేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవారిలో క్రైస్తవులు చాలామందే. వాళ్లకు శిలువ చెక్కిన రాయితో విడి సమాధి ఉండొచ్చు. పోరు మధ్య కట్టెలు దొరక్క, తీరిక లేక ఖననం చేసిన హిందువులూ ఉన్నారు. వాళ్ల రాళ్ల మీద దేవనాగరి లిపిలో "ఓం భగవతే నమః" అని కనిపిస్తుంది. ఏ మతమైనా సరే, శవం దొరకనివాళ్లకు మిగిలింది గోడ మీది పేరే.

తేదీలు కూడా చూసుకోవాలి. కమిషన్ పరిధిలోకి వచ్చేది 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలే. ఆ మధ్య సర్వీసులో ఉండగా పోయినవారు జబ్బుతో పోయినా, రైలు ప్రమాదంలో పోయినా లెక్కలోకి వస్తారు. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక సర్వీసులో తగిలిన గాయంతోనో పట్టుకున్న జబ్బుతోనో ఆ తేదీల్లోపే పోయినా అర్హులే. 1923లో పాత గాయం తిరగబెట్టి పోయినవారి పేరు మాత్రం అక్కడ ఉండదు. 1962, 1965, 1971 యుద్ధాల్లో అమరులైనవారి కోసం ఢిల్లీలోని నేషనల్ వార్ మెమోరియల్‌లో చూడాలి.

ఇంట్లో వెతకాల్సినవి

అన్నిటికన్నా విలువైనది సర్వీసు నంబరు, దాని తర్వాత యూనిట్ పేరు. ఈ రెండూ తెలిస్తే పేరు స్పెల్లింగ్ ఎలా ఉన్నా మనిషి దొరుకుతాడు.

పతకం ఉంటే దాని బొమ్మను చూసి పక్కన పెట్టేయకండి, అంచు చూడండి. మొదటి యుద్ధం నాటి గుండ్రటి పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, యూనిట్ అన్నీ వరుసగా కొట్టి ఉంటాయి. రెండో యుద్ధంలో భారత సైనికులకు ఇచ్చిన పతకాల మీద కూడా తరచుగా పేరు, నంబరు ఉంటాయి. చీకటి గదిలో టార్చిని అంచుకు దాదాపు సమాంతరంగా పట్టుకుని, పతకాన్ని నెమ్మదిగా తిప్పుతూ భూతద్దంతో చదవాలి. వెలుతురు నేరుగా పడితే అరిగిన అక్షరం కనిపించదు. పక్క నుంచి పడితే లోతులో నీడ పడి తేలుతుంది. చింతపండు పెట్టి తోమడం, పాలిష్ పెట్టి రుద్దడం అసలు వద్దు. అంచు మీది అక్షరాల లోతు వెంట్రుక మందం, నాలుగుసార్లు తోమితే మిగలదు.

మొదటి యుద్ధంలో పోయినవారి కుటుంబాలకు పన్నెండు సెంటీమీటర్ల గుండ్రటి కంచు ఫలకం పంపారు. దాని మీద నిలబడ్డ స్త్రీ మూర్తి, సింహం ఉంటాయి. హోదా, నంబరు ఉండవు, పేరు ఒక్కటే ఉంటుంది. అయితే ఆ స్పెల్లింగ్ ప్రభుత్వం వాడినది కాబట్టి వెతకడానికి దాన్నే అక్షరం పొల్లు పోకుండా వాడండి.

పింఛను కాగితాలు, డిశ్చార్జి బుక్కు, మనీయార్డరు కూపన్లు, మాజీ సైనికుల కింద ఇచ్చిన భూమి పట్టా, ఫోటో వెనక స్టూడియో ముద్ర కూడా పనికొస్తాయి. బెంగళూరు స్టూడియోలో యూనిఫాంతో తీయించుకున్న ఫోటో అయితే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (వంతెనలు, దారులు వేసే సైనిక విభాగం) అయ్యే అవకాశం ఉంది. వాళ్ల కేంద్రం అక్కడే, ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అదే. భుజం మీది లోహపు అక్షరాలు కనిపించేలా ఫోటోను పెద్ద సైజులో స్కాన్ చేయండి.

పెద్దవాళ్లను "ఎప్పుడు పోయాడు" అని అడిగితే సరైన జవాబు రాదు. ఆయన భార్యకు పింఛను ఏ ఊరి ట్రెజరీలో ఇచ్చేవారు, ఆయనతో పాటు ఊళ్లోంచి ఇంకెవరు చేరారు, ఆఖరి ఉత్తరం ఎక్కణ్నుంచి వచ్చింది, అప్పటికి పిల్లలు ఎంతవాళ్లు అని అడగండి. కలిసి చేరినవారు తరచుగా ఒకే యూనిట్‌లో, దగ్గరదగ్గర నంబర్లతో ఉంటారు. ఆయన ఆచూకీ దొరక్కపోతే ఆయన స్నేహితుడి ఆచూకీ దారి చూపిస్తుంది. ఉత్తరాంధ్రలో "రంగం పోయాడు" అంటే మాత్రం జాగ్రత్త పడాలి. రంగూనుకు మిల్లు పనికో రేవు పనికో వెళ్లినవారు వేలల్లో ఉన్నారు. 1942లో బర్మా నుంచి నడిచివస్తూ దారిలో పోయిన కూలీలు, మలయా తోటల నుంచి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)–బర్మా రైలు మార్గానికి తరలించగా పోయిన కూలీలు సైన్యంలో చేరినవారు కారు. వాళ్ల పేర్లు ఈ జాబితాల్లో ఉండవు.

కొన్ని ఊళ్లలో 1914–1919 అని వేసిన పాలరాతి పలక ఉంటుంది. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లిషులో చెక్కారు. పేర్లుండవు, సంఖ్య మాత్రమే. అయినా మీ ఊరికి అలాంటి పలక ఉంటే ఎందరి కోసం వెతకాలో తెలుస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి. రెండో యుద్ధం నాటి సైనికుల, వాళ్ల భార్యల సహాయ భృతి ఫైళ్లు కొన్నిచోట్ల ఉన్నాయి.

పేరు ఏ రూపంలో ఉంటుంది

మన ఇంటిపేరు చాలాసార్లు రికార్డులోకి ఎక్కనే లేదు. వెబ్‌సైట్‌లో "సర్‌నేమ్" గడిలో ఉండేది ఆయన సొంత పేరే కావచ్చు. అప్పలస్వామి అయితే సర్‌నేమ్ "అప్పలస్వామి" అయి ఉండొచ్చు, లేదా "స్వామి" సర్‌నేమ్‌గా, "అప్పల" ముందు పేరుగా విడిపోయి ఉండొచ్చు. నరసింహులు అనే పేరును ఇంగ్లిషులో ఐదారు రకాలుగా రాశారు: హెచ్ ఉండి, లేకుండా, యు బదులు ఓఓతో, చివర యు తీసేసి. రాసినవాడు తరచుగా తమిళుడో పంజాబీయో ఇంగ్లిషువాడో కాబట్టి మన ఒత్తులు, దీర్ఘాలు వాడికి వినిపించలేదు. కాగితం మీద మీ తాత పేరును కనీసం ఎనిమిది స్పెల్లింగుల్లో రాసుకుని ఒక్కొక్కటిగా కొట్టి చూడండి.

పెద్ద సైట్లలో ఊరు, జిల్లా పేర్లతో వెతకడం ఎక్కువమంది చేయరు. అసలు ఫలితం ఇచ్చేది అదే. రెండో యుద్ధం రికార్డుల్లో "అదనపు సమాచారం" అనే గడిలో ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని తరచుగా ఉంటుంది. అడ్వాన్స్‌డ్ సెర్చిలో ఆ గడిలోనే ఊరు కొట్టవచ్చు. అయితే ఆ కాలపు స్పెల్లింగులే వాడాలి. కృష్ణా అంటే కె-ఐ-ఎస్-టి-ఎన్-ఎ. విశాఖపట్నం అంటే వి-ఐ-జడ్-ఎ-జి-ఎ-పి-ఎ-టి-ఎ-ఎం. కడప అంటే సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్. కాకినాడ సి-ఓ-సి-ఎ-ఎన్-ఎ-డి-ఎ, విజయవాడ బి-ఇ-జడ్-డబ్ల్యూ-ఎ-డి-ఎ, ఏలూరు ఇ-ఎల్-ఎల్-ఓ-ఆర్-ఇ.

జిల్లా సరిహద్దులూ అప్పటివే. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. మొదటి యుద్ధం నాటికి ఏలూరు, భీమవరం కృష్ణా జిల్లాలో ఉన్నాయి. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలో, ఆ తర్వాత 1950 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉంది. ఒంగోలును గుంటూరు కింద వెతకాలి.

వెబ్‌సైట్‌లో వెతికే క్రమం

నంబరు తెలిస్తే పేరు గడి ఖాళీగా వదిలేసి నంబరు ఒక్కటే కొట్టండి. మొదటి యుద్ధంలో ప్రతి రెజిమెంటుకూ వేరే వరుస ఉండేది, అందుకే ఒకే నంబరు పదిమందికి కనిపిస్తుంది. యూనిట్ చూసి వడకట్టుకోవాలి. నంబరు ముందు అక్షరాలుంటే వాటితో ఒకసారి, లేకుండా ఒకసారి ప్రయత్నించండి.

నంబరు తెలియకపోతే "సర్వ్‌డ్ విత్" దగ్గర ఇండియన్ ఎంచుకుని, యుద్ధం ఏదో పెట్టి, రెజిమెంటు, సంవత్సరాల మేర వడకట్టండి. ఫలితాలు వందల్లో వస్తే కంగారు పడొద్దు. మొత్తాన్ని ఎక్సెల్ షీటుగా దించుకునే సౌకర్యం ఉంది. షీటులో మీ ఊరి పేరు, తండ్రి పేరు ముక్కలుగా వెతకండి. తెరమీద పేజీలు తిప్పుతూ చదివితే కళ్లు అలిసి అసలు వరుసనే దాటిపోతాం.

రెజిమెంటు పేరులో "మద్రాస్" ఉండి తీరాలని లేదు. 61వ పయనీర్స్, 63వ పాలంకోట్టా లైట్ ఇన్‌ఫాంట్రీ మద్రాసు వైపు పటాలాలే. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర పోరాడాయి. రెండో యుద్ధంలో మనవాళ్లు ఇండియన్ ఇంజనీర్స్, ఇండియన్ పయనీర్ కోర్, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి), మెడికల్ విభాగాల్లో విస్తారంగా చేరారు. హోదా కూడా సిపాయి అనే ఉండదు: సాపర్, డ్రైవర్, పయనీర్, వంటవాడు, బేరర్, స్వీపర్, కూలీ. యుద్ధంలో పోయిన వంటవాడికీ సుబేదారుకూ కమిషన్ రికార్డులో ఒకే రకం వరుస ఉంటుంది. "మా తాత సిపాయి" అని ఇంట్లో చెప్పినా ఫాలోయర్లను, అంటే పటాలం వెంట ఉండి పనిచేసిన వంటవాళ్లు, కూలీలు లాంటివారిని కూడా వెతకండి.

ఒకే పేరు, ఒకే కాలం ఉన్నవారు ఇద్దరు ముగ్గురు వస్తే తొందరపడి ఒకరిని మనవాడని అనుకోవద్దు. పేరు కాక కనీసం రెండు విషయాలు కలవాలి: నంబరు, తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, యూనిట్, వీటిలో ఏవైనా రెండు. ఒక్క పేరే కలిస్తే ఆ రికార్డును "అనుమానం" అని రాసి పక్కన పెట్టండి. వేరే కుటుంబం బిడ్డకు మీరు దీపం పెడితే తప్పు లేదు గానీ మీ బిడ్డ మరుగున పడిపోతాడు.

రికార్డు తెరిచాక పేజీని సేవ్ చేసుకోవడంతో సరిపెట్టకండి. కిందికి వెళితే కొన్ని రికార్డులకు స్కాన్ చేసిన అసలు కాగితాలుంటాయి: సమాధుల నమోదు పత్రం, రాయి మీద చెక్కాల్సిన అక్షరాల పట్టిక, శవాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చిన నివేదిక. మొదట ఎక్కడ పూడ్చారో ఈ చివరి కాగితమే చెబుతుంది.

కుటుంబం చెప్పిన చోటు వేరు, రికార్డు చూపించే దేశం వేరు అయినా వెంటనే తోసిపుచ్చకండి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు పట్టుబడ్డ భారత సైనికుల్లో కొందరిని జపాన్ సైన్యం న్యూ గినీ, న్యూ బ్రిటన్ దీవులకు ఓడల్లో తరలించింది. రబౌల్ దగ్గరి బిటా పాకా, లే శ్మశానాల్లో భారతీయుల సమాధులున్నాయి. ఇంట్లో "సింగపూర్‌లో పోయాడు" అన్నది, రికార్డులో పాపువా న్యూ గినీ అని ఉన్నది, రెండూ ఒక్కరి గురించే కావచ్చు. గల్లంతైనవారి మరణ తేదీ కూడా ఊహించి వేసినదే అయి ఉంటుంది.

ఏ పేరు ఎక్కడ ఉంటుంది

మొదటి యుద్ధంలో మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో పోయి సమాధి లేనివారు బస్రా మెమోరియల్ కిందికి వస్తారు. అక్కడ 40 వేల మందికి పైగా ఉన్నారు. గోడ మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కి, సాధారణ భారత సిపాయిలకు యూనిట్ కింద సంఖ్య మాత్రం వేశారు. వాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి. ఈ అసమానతల గురించి కమిషన్ 2021లో ప్రత్యేక కమిటీ నివేదిక వెలువరించింది, అప్పటి నుంచి తప్పిపోయిన పేర్లు చేర్చే పని నడుస్తోంది. బస్రా గోడ ఫోటో సంపాదించి అందులో తాత పేరు వెతుకుతూ కూర్చోవద్దు. ఫ్రాన్స్‌లో పోయినవారికి న్యూవ్ షాపెల్ మెమోరియల్, 4,700 మందికి పైగా భారతీయుల పేర్లతో, 1927లో ఆవిష్కరించారు. వాయవ్య సరిహద్దు, అఫ్గాన్ యుద్ధాల్లో పోయిన 13 వేల మందికి పైగా పేర్లు ఢిల్లీ ఇండియా గేటు మీదే ఉన్నాయి.

రెండో యుద్ధంలో బర్మాలో పోయినవారిలో ఎక్కువమంది యాంగోన్‌కు ఉత్తరాన టౌక్యాన్ శ్మశానంలోని రంగూన్ మెమోరియల్ మీద ఉన్నారు, సుమారు 27 వేల పేర్లు. మలయా, సింగపూర్ వారికి క్రాంజీలోని సింగపూర్ మెమోరియల్, 24 వేలకు పైగా పేర్లు. ఇంఫాల్, కొహిమాల్లో దహనమైనవారికి అక్కడే విడి స్మారకాలున్నాయి. ఎల్ అలమెయిన్, ఇటలీలో సాంగ్రో నది, ఫోర్లీ దగ్గర కూడా అంతే. దేశంలో ఏ ఆస్పత్రిలోనో కంటోన్మెంటులోనో పోయి, సమాధి కాపాడటానికి వీలుకాని చోట ఉన్న 25 వేల మందికి పైగా పేర్లు ఢిల్లీ, కరాచీ స్మారకాల పుస్తకంలో ఉన్నాయి. చెన్నైలో నందంబాక్కం దగ్గరి మద్రాస్ వార్ సెమెటరీ మనకు దగ్గర. మొదటి యుద్ధం నాటి వెయ్యి పేర్ల స్మారకం కూడా ఆ ఆవరణలోనే ఉంది.

రికార్డులో "3. బి. 12." అని ఉంటే మూడో ప్లాట్, బి వరుస, పన్నెండో సమాధి. రోమన్ అంకెలున్నా పద్ధతి ఇదే. "ఫేస్", "ప్యానెల్", "కాలమ్" అని ఉంటే గోడ మీద చోటు. గోడల మీద పేర్లు మొత్తంగా అకారాది క్రమంలో ఉండవు. ముందు యూనిట్, అందులో హోదా, ఆ హోదాలో అక్షర క్రమం. నాయక్ అయిన మనిషిని సిపాయిల వరుసలో గంటసేపు వెతికినా దొరకడు.

రికార్డు తప్పుగా ఉంటే, లేకపోతే

పేరు, వయసు, ఊరు తప్పుంటే కమిషన్‌కు వెబ్‌సైట్ ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. కుటుంబం మాట చాలదు, ఆ కాలపు అధికారిక కాగితం కావాలి: పింఛను ఉత్తర్వు, డిశ్చార్జి బుక్కు, మరణ ధ్రువపత్రం, పతకం అంచు ఫోటో. స్పెల్లింగ్ మాత్రమే తేడా అయితే, సైన్యం రాసుకున్న స్పెల్లింగే ఉంచుతామంటారు. అది న్యాయమే, ఎందుకంటే మిగతా కాగితాలన్నీ ఆ స్పెల్లింగ్‌తోనే దొరుకుతాయి.

అసలు పేరే లేకపోతే సర్వీసులో ఉన్నట్టు ఒక ఆధారం, ఆ తేదీల్లోపే పోయినట్టు ఒక ఆధారం, ఇంటికొచ్చాక పోతే సర్వీసు కారణమని మరో ఆధారం కావాలి. మొదటి యుద్ధం నాటి సాధారణ సిపాయిల సర్వీసు రికార్డులు చాలావరకు మిగల్లేదు. అందుకని లండన్ కియూలోని బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) యూనిట్ల యుద్ధ దినచర్యలు (వార్ డైరీలు) చూస్తారు: మొదటి యుద్ధానికి డబ్ల్యూఓ 95 అనే ఫైళ్ల వరుస, రెండో దానిలో ఆగ్నేయాసియాకు డబ్ల్యూఓ 172. వాటిలో అధికారుల పేర్లుంటాయి, మనవాళ్లకు "ఇద్దరు సాపర్లు చనిపోయారు" అని లెక్కే ఉంటుంది. తేదీ కలిస్తే ఆ రోజు ఏ వాగు మీద వంతెన వేస్తుండగా పోయారో తెలుస్తుంది. భారత జాతీయ అభిలేఖాగారం పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో సైనిక శాఖ ఫైళ్లు ఇంటి నుంచే చదవొచ్చు. మొదటి యుద్ధంలో ఖైదీగా పట్టుబడితే అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఖైదీల కార్డులు నెట్‌లో ఉన్నాయి.

వెళ్లినప్పుడు

సమాధి నంబరు లేదా ప్యానెల్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. రాయి మీద అక్షరాలు మసకగా ఉంటే శుభ్రమైన నీళ్లు కొద్దిగా చల్లి, ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి. సుద్ద, పిండి, నిమ్మరసం, వైరు బ్రష్ రాయికి హాని చేస్తాయి. పసుపు, కుంకుమ, నూనె సున్నపురాయిలోకి ఇంకితే మరక మళ్లీ పోదు. దీపం పెట్టాలనుకుంటే మూకుడు కింద ఒక పళ్లెం ఉంచి రాయికి ఎడంగా, నేల మీద పెట్టండి, వెళ్లేటప్పుడు తీసేయండి. పూలు, చిన్న దండ రాతి పాదం దగ్గర ఉంచవచ్చు. పదిమంది కలిసి కార్యక్రమం చేయాలంటే ముందుగా కమిషన్‌కు రాసి అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గర కంచు పెట్టెలో సందర్శకుల పుస్తకం ఉంటే ఊరు, జిల్లా తెలుగులో కూడా రాయండి.

ఇరాక్, పాపువా న్యూ గినీ లాంటి చోట్లకు వెళ్లలేకపోతే వార్ గ్రేవ్స్ ఫోటోగ్రాఫిక్ ప్రాజెక్టు వాలంటీర్ల దగ్గర ఫోటో ఉందేమో అడగండి.

ఇంటి దగ్గర చేయాల్సింది

తేదీ దొరికాక దాన్ని తిథిలోకి మార్పించుకుంటే ఏటా ఆబ్దికం పెట్టుకోవచ్చు. పురోహితుడికి ఇంగ్లిషు తేదీతో పాటు మరణించిన ప్రదేశం కూడా చెప్పండి, అక్కడి సూర్యోదయాన్ని బట్టి తిథి ఒక రోజు మారవచ్చు. తేదీ ఊహించి వేసినదైతే, లేదా అసలు దొరక్కపోతే, భాద్రపద బహుళ చతుర్దశి ఉంది. ఆయుధాలతో పోయినవారికి పెట్టే శస్త్రహత మహాలయం అదే, మన పంచాంగాల్లో ఆ పేరుతోనే ఉంటుంది. జబ్బుతో పోయినట్టు తెలిస్తే మహాలయ అమావాస్య చాలు. క్రైస్తవ కుటుంబాలు నవంబరు 2న, ముస్లిం కుటుంబాలు ఫాతిహాతో గుర్తు చేసుకుంటున్నాయి. నవంబరు 11 ఉదయం 11 గంటలకు చాలా దేశాల్లో మౌనం పాటిస్తారు, ఆ రోజు చెన్నై వెళ్లడం కూడా మంచిదే.

ఊళ్లో పలక వేయించాలనుకుంటే గ్రామ పంచాయతీ తీర్మానం తీసుకోండి. నంబరు, హోదా, సైన్యం రాసిన పేరు, ఇంట్లో పిలిచిన పేరు, ఇంటిపేరు, యూనిట్, మరణ తేదీ, స్మారకం పేరు, ప్యానెల్ నంబరు అన్నీ దాని మీద ఉండాలి. పెయింటు అక్షరాలు పదేళ్లు కూడా నిలవవు, నల్ల గ్రానైట్‌లో కనీసం మూడు మిల్లీమీటర్ల లోతు చెక్కించండి. చెక్కేముందు అక్షరాల నమూనాను కాగితం మీద తెప్పించుకుని ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా రికార్డుతో పోల్చి చదవాలి. ఆ కాగితం ఒక ప్రతిని పతకంతో పాటు ఇంట్లో, మరొకటి పంచాయతీ ఆఫీసులో ఉంచండి.